జాంతోట మీది గీత

మా తమ్ముడు పోయాక ఎస్.ఆర్. నగర్‌లో వాడి ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక పొడుగాటి రేకు గొట్టం దొరికింది. మేనకోడలు దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "అత్తా, తాతయ్య మ్యాపులున్నట్టున్నయి, పారేయమంటవా?" అని అడిగింది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కత్తి మొన పెట్టి తిప్పితే ఊడి వచ్చింది. ముందు గంజి వాసన, దాని వెనక నల్ల సిరా వాసన. లోపల ఏముందో విప్పి చూడకముందే నాకు తెలిసిపోయింది. నీలిరంగు ఛాయలో మెరిసే ట్రేసింగ్ గుడ్డ మీద మా నాయిన చేతి గీతలు. పటానికి పైన ఎడమ మూల, మంజీర దిక్కు నుంచి బయలుదేరిన గీత కింద హుస్సేన్ సాగర్ ఒడ్డు దాకా వస్తుంది. జాగ్రత్తగా చూస్తే అక్కడ ఉన్నవి రెండు గీతలు. ఒకటి పెన్సిలుది, సగం చెరిపేసినా ఆనవాలు పోలేదు, నేరుగా వస్తుంది. రెండోది సిరాది, అమీర్‌పేట దగ్గర ఒకసారి వంగి, మళ్లీ ఇంకోసారి వంగి పెన్సిలు గీతను కలుస్తుంది. "ఇక్కడెందుకు వంకర పోయింది అత్తా?" అంది పిల్ల. "రాళ్లు అడ్డమొచ్చినయి" అన్నాను. ఈ వయసులో కూడా మా నాయిన కోసం అబద్ధమాడటం నాకు అలవాటు తప్పలేదు. ఆ పిల్లతో అనలేని మాటను ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పటి అమీర్‌పేట చూసినవాళ్లకు నేను చెప్పేది ఊరి సంగతిలాగా ఉంటుంది. నిజాం కాలంలో ఊరే అది. సిటీ హుస్సేన్ సాగర్ అవతలే ఆగిపోయేది. ఇటు వరి మడులు, కూరగాయల తోటలు, పంజాగుట్ట దిక్కు నల్ల బండలు, సీతాఫలం పొదలు. మేము అద్దెకున్న పెంకుటింటి వెనక ముళ్లకంచె, కంచె అవతల మల్లయ్య పెద్దనాయిన జాంతోట. మా ఇంట్లో రోజు ఆయన మోటబావి చప్పుడుతో మొదలయ్యేది. ఎడ్లు వెనక్కి నడిచేటప్పుడు గిలక కిర్రుమనడం, తోలు బొక్కెన నీళ్లలో పడటం, మళ్లీ ఎడ్లు ముందుకు దిగేటప్పుడు నీళ్లు తొట్టిలోకి దబ్బున పడటం. ఆ చప్పుడుకి అమ్మ లేచి లాంతరు చిమ్నీలు ముగ్గుపిండితో తోమి వరుసగా బోర్లించేది. నాయిన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేవాడు, మేమిద్దరం నిద్రకళ్లతో ఆమెన్ అనేవాళ్లం. ఆ తర్వాత ఆయన సైకిలు చక్రాల్లో గాలి చూసుకుని, కాళ్ల దగ్గర ప్యాంటుకు క్లిప్పులు పెట్టుకుని దఫ్తర్‌కు పోయేవాడు. కరెంటు దఫ్తర్‌లో నక్షాలు గీయడం ఆయన పని. మా ఇంట్లో మాత్రం కరెంటు లేదు. ఊళ్లోనే లేదు.

ఎండాకాలం ముందు మూడు నాలుగు నెలలు నాయిన ఇంటి పట్టున ఉండేవాడు కాదు. డేరా, కొలత గొలుసు, మూడు కాళ్ల సర్వే దుర్బీను వేసుకుని, సిటీకి తెచ్చే కరెంటు లైను దారి కొలవడానికి మంజీర నది దిక్కు పోయేవాడు. గడ్డం పెరిగి, మడమలు పగిలి, చేను మట్టి వాసనతో తిరిగి వచ్చేవాడు. వచ్చాక కొలతలన్నీ బల్ల మీద పరుచుకుని గుడ్డ మీదికి ఎక్కించేవాడు. గుడ్డ మీద సిరా జారిపోకుండా మెత్తని సున్నపు పొడి రుద్దేవాడు, అందుకని ఆయన ముంజేతులు ఎప్పుడూ తెల్లగా, వేళ్లు నల్లగా ఉండేవి. ఒక్క చుక్క చెమట పడ్డా గుడ్డ పాడైపోయేది. పాడైనవి అమ్మ దాచిపెట్టేది. మరిగే నీళ్లలో నానబెడితే గంజంతా కరిగిపోయి, గీతలు వెలిసిపోయి, పల్చని మెత్తటి బట్ట మిగిలేది. మా తమ్ముడి అంగీలు, నా లోపావడాలు ఆ బట్టతోనే కుట్టింది. ఒక్కోసారి సిరా పూర్తిగా పోక నడుము దగ్గర ఏదో ఊరి పేరు ఉర్దూలో మిగిలిపోయేది. మిషన్ బడిలో తోటి పిల్లలు నవ్వితే నేను ఏడ్చుకుంటూ వచ్చేదాన్ని. "మీ నాయిన నడిచిన ఊర్లు నీ నడుముకున్నయి, ఏడుస్తరా ఎవరన్న?" అనేది అమ్మ.

మల్లయ్య పెద్దనాయినకూ మాకూ చుట్టరికం లేదు. కులం వేరు, మొక్కే తీరు వేరు. నాకు టైఫాయిడ్ వచ్చిన ఏడాది అమ్మ కూడా మంచాన పడితే, ఆయన భార్య సాయమ్మ పెద్దమ్మ కంచెలో ఒక చోట ముళ్లు నరికించి దారి చేసింది. ఆ దారిలోంచి రోజుకు నాలుగుసార్లు వచ్చి నాకు జావ తాగించి, అమ్మకు ఒళ్లు తుడిచి, తమ్ముణ్ని చంకనేసుకుని పోయేది. మేము లేచి తిరిగాక కూడా ఆ సందును ఎవరూ మూయలేదు. వాళ్లకు పిల్లలు లేరు. నాయిన ఆయన్ని మల్లన్నా అనేవాడు, ఆయన నాయినను తమ్మీ అనేవాడు. సాయంత్రాలు ఇద్దరూ బావి గచ్చు మీద కూర్చుంటే సాయమ్మ పెద్దమ్మ జాంపండ్లు కోసి ఉప్పూ కారం అద్ది పెట్టేది. పెద్దనాయినకు నాయిన పని వింతగా ఉండేది. "గంత దూరంల పుట్టిన కరెంటు గీడిదాంక ఎట్లొస్తది తమ్మీ? నడుమ కారిపోదా?" అని అడిగేవాడు. నాయిన నవ్వేవాడు. "నీ కాల్వలనే చూడు మల్లన్నా. నీళ్లను మెల్లగ వదిలితే సగం భూమే తాగుతది. జోరుగ తోసినవనుకో, చివరి మడి దాంక పోతయి. మేము సుత గంతే. కరెంటును మస్తు జోరుగ తోస్తం. అప్పుడు సన్న తీగల సుత ఎక్కువ పోకుంట సిటీ దాంక వస్తది. గంత జోరున్న తీగ మనిషికి అందొద్దు, అందుకని ఇనుప టవర్లు." పెద్దనాయిన తలూపేవాడు. అమ్మ బట్టలారేసే తాడు చూపించి, తడి చీర వేస్తే తాడు ఎంత కుంగుతుందో, ఎండలో తీగ కూడా అట్లాగే సాగి కుంగుతుందని, కాబట్టి రెండు టవర్ల మధ్య దూరం తూచి పెట్టాలని నాయిన మాకు కూడా చెప్పేవాడు. ఆ పని మీద ఆయనకు అంత ఇష్టం.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని పంజాగుట్ట బండల మీదికి తీసుకుపోయాడు. బండెక్కి నిలబడి చెయ్యి చాచి చూపించాడు. "రూతమ్మా, గటు నుంచి వస్తది, ఈ బండ మీద ఒక టవరు, అగో ఆ తెల్ల బండ మీద ఒకటి. ఒక్కల చేను తొక్కలే, ఒక్క బావి ముట్టలే. లైను ఎంత సీదగ ఉంటే అంత మంచిది. వంగిన కాడ తీగలు రెండు దిక్కుల గుంజుతయి, ఆడ టవర్ కాళ్లు లోతుగ, బలంగ వెయ్యాలె." ఆ దారి ఒక్క చోట, ఒక నవాబుగారి విహార బంగళా తోటను మూల మీదుగా దాటేది. ఆ నవాబు పేరు నాకు తెలుసు, రాయను. వాళ్ల మనవలు ఎక్కడో మామూలు మనుషుల్లా బతుకుతున్నారు. ఆ రోజు నాయిన ముఖంలో ఉన్న వెలుగు మళ్లీ నేను చూడలేదు.

క్రిస్మస్ అయిన పది రోజులకు ఆ దారి మారిపోయింది. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటుండగా నాయిన చెప్పాడు. బంగళా వరండాలో కూర్చుంటే ఇనుప టవరు కనబడుతుందని నవాబుగారు పెద్ద ఇంజనీరుతో అన్నారట. పెద్ద ఇంజనీరు నాయినను పిలిచి నక్షా మీద వేలు పెట్టి, "దేవదానం, లకీర్ జర మోడ్ దో" అన్నాడట. గీతను కాస్త వంచెయ్. అంతే. వంచితే అది అమీర్‌పేటలోకి వచ్చింది. వంపు తిరిగే చోటు సరిగ్గా మల్లయ్య పెద్దనాయిన బావి గట్టు. నాయిన ఇరవై గజాలు అటు జరుపుతానని అడిగితే, సంతకాలు అయిపోయినయి, ఇంక చెయ్యి పెట్టొద్దన్నాడట. అమ్మ ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చుంది. "పోయి మల్లన్నకు చెప్పు. ఇప్పుడే చెప్పు" అంది.

"దఫ్తర్ల కాగితం శాంతా. బయటికి చెప్పినట్టు తెలిస్తే నౌకరి పోతది."

"ఆయన ఎవరికి చెప్తడు?"

"ఆ భూమి జాగీర్దారుదాయె, ఆయన కాడికి ఉరుకుతడు. ఎవరు చెప్పిన్రని అడుగుతరు. నా పేరే వస్తది. జర ఆగు, ఇంజనీరు మనసు మారుతదేమో."

"పొద్దున్నే మోకాళ్ల మీద కూసుంటవు గద. గా నోరు ప్రార్థనకు తప్ప ఇంక దేనికి లేదా?"

నాయిన కంచం పక్కకు జరిపాడు. నా దిక్కు, తమ్ముడి దిక్కు తిరిగి, "ఈ మాట కంచె దాటొద్దు" అన్నాడు. తమ్ముడికి ఐదేళ్లు, వాడికి అర్థం కాలేదు. నాకు పదేళ్లు. నాకు అర్థమయింది.

అంతటితో అయిపోతే ఇన్నేళ్లకు ఇట్లా కూర్చుని రాసేదాన్ని కాదేమో. ఆ ఏడు ఎండాకాలం బావి అడుగంటింది. పెద్దనాయిన బావిని ఇంకా లోతు తవ్వుదామనుకున్నాడు. ఒక సాయంత్రం కంచె సందు లోంచి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. "తమ్మీ, భూమి సంగతి నీకు ఎరుక. రాయి ఏ దిక్కు మెత్తగుంటది? ఎటు తవ్వితే ఊట దొరుకుతది?" అన్నాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని నాయిన ముఖమే చూస్తున్నాను. నాయిన లేచి ఆయన వెంట బావి దాకా పోయాడు. చుట్టూ తిరిగాడు. రాళ్లు పట్టుకుని చూశాడు. తూర్పు మూల చూపించి, "ఈడ తవ్వు మల్లన్నా" అన్నాడు.

రెండు నెలలు తవ్వారు. పెద్దనాయిన, సాయమ్మ పెద్దమ్మ, ఆమె తమ్ముళ్లిద్దరు. పొద్దున తోటపని, ఎండెక్కాక బావిలోపల. సాయమ్మ పెద్దమ్మ అరచేతులు పగిలితే అమ్మ వేపనూనె రాసి గుడ్డ కట్టేది, కడుతూ ఏడ్చేది. ఎందుకేడుస్తున్నవని ఆమె అడిగితే నీ చేతులు చూడలేకనే అనేది. చివరికి నాయిన చూపించిన చోటే ఊట పడింది. పెద్దనాయిన బురద చేతులతోనే వచ్చి నాయినను కావలించుకున్నాడు. నాయిన తెల్ల చొక్కా మీద రెండు చేతుల మరకలు. ఆ చొక్కాను అమ్మ ఉతకనని మూలన పడేసింది. నాయినే పోయి ఉతుక్కున్నాడు.

మిరుగు కార్తె దాటి వానలు పట్టిన వారానికి మేకులు కొట్టే మనుషులొచ్చారు. గొలుసు పట్టేవాళ్లు, ఎర్ర తెల్ల కర్రలు పట్టుకునేవాళ్లు, వాళ్ల వెనక దుర్బీనుతో మా నాయిన. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పమని ఆయన అడిగాడో లేదో నాకు తెలియదు. కంచె సందు దగ్గర నేనూ అమ్మా నిలబడి ఉన్నాం. మొదటి మేకు బావి గట్టు మీదే పడింది. పెద్దనాయిన ముందు నవ్వుకుంటూ వచ్చాడు, నాయిన ఏదో కొలత పని మీద వచ్చాడనుకుని.

"ఏంది తమ్మీ, నా బావిని సుత నక్షల ఎక్కిస్తున్నవా?"

నాయిన దుర్బీనులోంచి తల ఎత్తలేదు. "లైను ఇట్లొస్తుంది మల్లన్నా. టవర్ కాలు ఈడ పడుతది. బావి పూడ్వాలె."

పెద్దనాయిన వంగి ఆ మేకును చేత్తో ముట్టి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నీకు ఎప్పటిసంది ఎరుక?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే తెలిసిందనొచ్చు. నాయిన అట్లా అనలేదు. "క్రిస్మస్ అయినంక" అన్నాడు.

"అంటే ఈడ తవ్వు అన్ననాడు నీకు ఎరుకనే."

"ఎరుకనే."

పెద్దనాయిన గొంతు పెంచలేదు. "నేను తవ్వుతుంటే రోజు సూసినవు. నా ఆడిదాని చేతులు సూసినవు. ఒక్క మాట, తమ్మీ. ఒద్దు మల్లన్నా అంటే సాలు, ఎందుకొద్దు అని సుత అడగకపోతుంటి." అని కంచె దాకా వచ్చి అమ్మను చూసి, నన్ను చూసి, పక్కన పడి ఉన్న ముళ్లకొమ్మను ఈడ్చి ఆ సందుకు అడ్డం పెట్టాడు.

జాంచెట్లు తీగకు అందేంత ఎత్తు పెరగవు. వాటిని కొట్టనక్కరలేదని నాయిన దఫ్తర్‌కు రాసి ఇచ్చాడు. ఆ సంగతి నిజమే, ఆ కాగితం నేనే చూశాను. లైను కింద అంతా చదును చేయాలని రూల్సులో రాసుంది, చదును చేయండని పైనుంచి జవాబొచ్చింది. కాయలతో ఉన్న చెట్లను నాలుగు రోజుల్లో నరికేశారు. వాన తడిలో ఆ పచ్చి కొమ్మల వాసన మా ఇంట్లో వారం పాటు ఉంది, దాని నడుమ కూర్చుని మేము అన్నం తిన్నాం. పంజాగుట్ట నుంచి బండ్లలో రాళ్లు తెచ్చి బావిలో పోశారు. భూమి పట్టా జాగీర్దారు పేర ఉంది కాబట్టి, మూడు తరాలుగా దున్నినా, మల్లయ్య అనే మనిషి ఆ కాగితాల్లో ఎక్కడా లేడు. టవర్ కాళ్ల కోసం నాలుగు గుంతలు తవ్వి పెట్టారు. ఆ వానాకాలం పోకముందే రెండో ప్రపంచ యుద్ధం మొదలయింది. ఇంగ్లండు సీమ నుంచి రావలసిన ఇనుము ఓడ ఎక్కలేదు. ఈ నెల, వచ్చే నెల అన్నారు. తర్వాత ఆ మాట ఎత్తడం మానేశారు. గుంతల్లో వాన నీళ్లు నిలిచి కప్పలు అరిచేవి.

పెద్దనాయిన దఫ్తర్ గడప తొక్కి, లైను ఎట్లాగూ వస్తలేదు, నా బావి రాళ్లు నేనే ఎత్తుకుంటానని బతిమాలాడట. లైను కోసం ఉంచిన జాగా, ముట్టొద్దన్నారట. ఆ మాట నాయినే వచ్చి అమ్మకు చెప్పాడు. పెద్దనాయిన అక్కడికి వచ్చిన రోజు తాను బల్ల దగ్గరి నుంచి లేవలేదని కూడా చెప్పాడు. ఆ క్రిస్మస్‌కు అమ్మ గిన్నె నిండా అరిసెలు పెట్టుకుని, కంచె చుట్టూ తిరిగి వాళ్లింటికి పోయింది. నేను వెంట ఉన్నాను. సాయమ్మ పెద్దమ్మ గిన్నె అందుకుని లోపలికి పోయింది. అరిసెలు తీసుకుని, గిన్నె శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి, ఉత్త గిన్నె అమ్మ చేతిలో పెట్టింది. అన్నేళ్లలో మా రెండిళ్ల మధ్య ఏ గిన్నే ఖాళీగా తిరిగి పోలేదు. గుప్పెడు పప్పో, నాలుగు మిరపకాయలో, ఏమీ లేకపోతే చిటికెడు ఉప్పో ఉండేది. అమ్మ ఆ గిన్నెను మళ్లీ వాడలేదు. మరుసటి ఎండాకాలానికి వాళ్లు ఇల్లు విడిచిపెట్టారు. పెద్దనాయిన బేగంపేట విమానాల మైదానంలో గడ్డి కోసే పనికి కుదిరాడని విన్నాం.

రాజ్యం మారి, జాగీర్లు పోయి, కొన్నేళ్లకు లైను రానే వచ్చింది. కొత్త ఇంజనీర్లు కొత్తగా చూసి, పంజాగుట్ట బండల మీదుగా నేరుగా తెచ్చారు. అప్పటికి నవాబుగారి బంగళా సర్కారుదయింది, వరండాలో కూర్చునేవాళ్లు లేరు. నాయిన పెన్షన్ మీద ఉన్నాడు. ఒక సాయంత్రం నన్ను వెంట తీసుకుపోయి ఆ టవర్లు చూశాడు. "నేను అన్న దారే" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చివరి జబ్బులో ఒకరోజు తలగడ సర్దుతుంటే, అడగకుండానే, "నేను చెప్పినా వాళ్లు ఆపేటోళ్లు కాదు బిడ్డా" అన్నాడు. ఎవరి సంగతో చెప్పనక్కరలేదు. "లైను ఆపేటోళ్లు కాదు నాయినా. బావి తవ్వుడు ఆగేది" అన్నాను. ఆయన గోడ దిక్కు తిరిగాడు. మూడు వారాలకు పోయాడు. ఆ మాట అన్నందుకు పశ్చాత్తాపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆయన మంచివాడు కాదని నేను అనడం లేదు. మా కోసమే నోరు మూసుకున్నాడు, మా అన్నం కోసమే. ఆ అన్నం తిని చదువుకుని నేను టీచరమ్మనయ్యాను. మింగలేని సంగతి అదే.

ఇప్పుడు అమీర్‌పేటలో చీకటి అనేది లేదు. అంతస్తు మీద అంతస్తు, కంప్యూటర్ క్లాసుల బోర్డులు, వాటి చుట్టూ మిణుకుమిణుకుమనే లైట్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు మెట్ల మీద పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉంటారు. కరెంటు అర గంట పోతే తిట్టుకుంటారు, నేనూ తిట్టుకుంటాను. చిమ్నీలు తోమిన కాలం మంచిదని నేను అనను. ఆ మసిలో అమ్మ కళ్లు పాడయ్యాయి. కాకపోతే కరెంటు వస్తే మనుషులు బాగుపడతారని నాయిన బండ మీద నిలబడి నమ్మినట్టు నేను నమ్మలేను. వెలుగు వచ్చింది. గీత ఎవరి వరండాను తప్పించుకుని ఎవరి బావి మీదికి వంగుతుందన్నది మాత్రం అప్పుడెట్లా తేలిందో ఇప్పుడూ అట్లాగే తేలుతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చూశాను, వంతెన కట్టినప్పుడూ చూశాను.

నాయిన పోయిన రెండేళ్లకు, బడి నుంచి వస్తూ ఎర్రమంజిల్ దగ్గర రోడ్డు పక్కన ఆకుకూరల గంప ముందు కూర్చున్న ముసలామెను చూసి ఆగిపోయాను. సాయమ్మ పెద్దమ్మ నన్ను చూసీ చూడగానే గుర్తుపట్టింది.

"రూతమ్మవు గదా? మీ నాయిన ఉన్నడా?"

"లేడు పెద్దమ్మా."

"మాయన సుత పోయిండు. నాలుగేండ్లాయె."

ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. ఇరవై ఏళ్లకు పైగా దాచుకున్న మాట అప్పుడు బయటపడింది. "పెద్దమ్మా, అప్పుడు నాకు సుత ఎరుకనే. నాయిన చెప్పొద్దన్నడు."

ఆమె తోటకూర కట్టల మీద నీళ్లు చిలకరిస్తూనే ఉంది. "నీకు ఎరుకని నాకు ఎరుకే బిడ్డా. గా క్రిస్మస్ అయినంక నువ్వు తోటల కాలు పెట్టుడు బందు చేసినవు. పిలిచి పండు ఇస్తే తీసుకోకుంట ఉరికినవు. పోరి గిట్లెందుకు చేస్తుందని నేను ఒక్కదాన్నే ఆలోచన చేసిన. ఏదో ఉన్నదని మాయనతో సుత అన్న. 'తమ్ముని మీద అనుమానమా' అని నా మీద కోపం జేసిండు. మళ్ల నేను అనలే. గడ్డపార పట్టుకుని బావిల దిగిన."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె కొంగు తలకు చుట్ట చుట్టుకుని లేచింది. "గంప జర ఎత్తు బిడ్డా, ఎండెక్కుతుంది" అంది. రెండు చేతులా ఎత్తి ఆమె తల మీద పెట్టాను. ఆమె సర్దుకుని, వెనక్కి తిరగకుండా ఖైరతాబాద్ దిక్కు నడిచింది. తడి కొత్తిమీర నీళ్లు నా మోచేతుల మీదుగా కారుతుంటే, తుడుచుకోకుండా రోడ్డు మీద అట్లాగే నిలబడ్డాను.